ఏ దేశాల మైత్రి నిజంగా గట్టిది? ఒక రిటైర్డ్ నేవీ మనిషి లెక్క

భీమవరంలో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: ఈ రోజుల్లో ప్రపంచంలో అన్నిటికంటే బలమైన మైత్రి ఏ దేశాల మధ్య ఉంది, నాన్నగారేమో ఇండియా–రష్యా అంటారు, రూమ్మేట్లేమో అమెరికా–ఇజ్రాయెల్ అంటారు, ఏది రాయమంటారు అని. రెండూ కాదండి. నా లెక్కలో మొదటిది అమెరికా–బ్రిటన్, దాని వెనకే అమెరికా–దక్షిణ కొరియా, ఆ తర్వాత అమెరికా–జపాన్. మూడింట్లోనూ అమెరికాయే ఉంది కదా అని ఇది అమెరికా భజన అనుకోకండి, ఎందుకో చెబుతాను. నేను నేవీలో పనిచేసి, ఎక్కువ కాలం విశాఖలోనే ఉండి, రిటైరయ్యాక రాజోలు పక్కన మా ఊరొచ్చి కొబ్బరితోట చూసుకుంటున్నాను. ఓడల మీద బతికినవాడికి ఒక అలవాటు వస్తుంది. ప్రధానమంత్రులు ఎంత గట్టిగా కావలించుకున్నారో చూడం, ఎవరి రేవులో ఎవరి ఓడ రిపేరుకి ఆగుతోంది, ఎవరి మందుగుండు ఎవరి డిపోలో ఉంది, అది చూస్తాం.

మన ఊళ్లల్లో పెళ్లికొచ్చి పనసపొట్టు కూర బాగుందని మెచ్చుకుని వెళ్లే బంధువులు వందమంది ఉంటారు, బ్యాంకు అప్పుకి హామీ సంతకం పెట్టమంటే వచ్చేవాడు ఒకడో ఇద్దరో. దేశాలకీ ఇంతే తేడా. అందుకని నేను చూసేవి రెండే. ఒక దేశం తన ప్రాణం లాంటిదాన్ని, అంటే అణ్వాయుధమో, గూఢచారి సమాచారమో, యుద్ధమొస్తే సొంత సైన్యం మీద అధికారమో, ఇంకో దేశం చేతిలో పెట్టిందా? రెండోది, ఇద్దరూ ఒకసారి బాగా గొడవపడ్డాక కూడా ఆ పెట్టింది అక్కడే ఉందా?

పుస్తకాల్లో అందరూ ముందు నాటో, అంటే అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి, రాస్తారు కాబట్టి అది కానిచ్చేద్దాం. 1949 ఏప్రిల్‌లో 12 దేశాలతో మొదలైంది, 2023లో ఫిన్లాండ్, 2024లో స్వీడన్ చేరాక 32 అయ్యాయి. ఒకరి మీద దాడి జరిగితే అందరి మీద జరిగినట్టే అనే ఐదో అధికరణం అందరికీ నోటికొచ్చు, దాని మిగతా సగం మాత్రం చాలామంది చదవరు. ప్రతి సభ్యదేశం తనకు అవసరమని తోచిన చర్య తీసుకుంటుంది అని ఉంటుందక్కడ. విమానవాహక నౌకని పంపడమూ చర్యే, దుప్పట్లు పంపడమూ చర్యే. ఇన్నేళ్లలో ఆ అధికరణాన్ని వాడింది ఒక్కసారే, అదీ 2001 సెప్టెంబరు 11 తర్వాత, అమెరికా కోసం. రష్యా వస్తే అమెరికా వచ్చి యూరప్‌ని కాపాడుతుందని పెట్టుకున్న ఒప్పందంలో, చివరికి నాటో రాడార్ విమానాలు అట్లాంటిక్ దాటి వెళ్లి అమెరికా ఆకాశానికి కాపలా కాశాయి. అప్పుడు అఫ్గానిస్తాన్‌కి సైనికుల్ని పంపి పోగొట్టుకున్న దేశాల్లో చిన్న డెన్మార్క్ కూడా ఉంది. అదే డెన్మార్క్‌ని ట్రంప్ 2025లో గ్రీన్‌లాండ్ ఇచ్చేయమన్నాడు.

ఆరో అధికరణం ఇంకా తమాషా. ఐదోది ఏ ప్రాంతంలో చెల్లుతుందో అందులో ఉంటుంది: యూరప్, టర్కీ, ఉత్తర అమెరికా, మధ్యధరా, కర్కటరేఖకి పైనున్న అట్లాంటిక్, అంతే. అందుకే 1982లో దక్షిణ అట్లాంటిక్‌లో ఉన్న బ్రిటన్ దీవులు ఫాక్లాండ్స్‌ని అర్జెంటీనా ఆక్రమిస్తే నాటో నాటోగా కదల్లేదు, బ్రిటన్ తన నేవీని తనే వేసుకుని వెళ్లింది. మనకి ఇంకా దగ్గర ఉదాహరణ గోవా. బ్రిటన్–పోర్చుగల్ మైత్రి 1373 నాటిది, ఇప్పటికీ అమల్లో ఉన్నవాటిలో అన్నిటికంటే పాతది అదే. 1961 డిసెంబరులో మన సైన్యం గోవాలో అడుగుపెట్టబోతోందని తెలిసి పోర్చుగల్ ఆ పాత కాగితం తీసి బ్రిటన్‌ని సాయం అడిగింది. కామన్వెల్త్ దేశంతో మేం యుద్ధం చెయ్యం అని లండన్ తప్పుకుంది, నాటోకి గోవా పరిధిలోనే లేదు. భద్రతామండలిలో మాత్రం పశ్చిమ దేశాలు పోర్చుగల్ తరఫున తీర్మానం పెట్టాయి, సోవియట్ యూనియన్ వీటో చేసింది. ఆరువందల ఏళ్ల స్నేహం విలువ ఒక తీర్మానం, అదీ ఓడిపోయిన తీర్మానం.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. అమెరికా–బ్రిటన్ సంగతి ఎందుకు వేరు అంటే, 1958లో రెండు దేశాలూ అణ్వాయుధాల రహస్యాలు పంచుకోవడానికి ఒప్పందం చేసుకున్నాయి, ఎప్పటికప్పుడు పొడిగిస్తూ వచ్చి 2024లో గడువు అన్న మాటే తీసేశారు. బ్రిటన్ అణ్వాయుధ బలమంతా నాలుగు సబ్‌మెరైన్ల మీద ఉంటుంది, వాటి స్థావరం స్కాట్లాండ్‌లో ఫాస్‌లేన్. వాటిలో ఉండే ట్రైడెంట్ మిసైళ్లు మాత్రం అమెరికాలో జార్జియా రాష్ట్రంలో కింగ్స్ బే అనే నేవీ బేస్‌లో రెండు దేశాలకీ కలిపి ఉంచిన నిల్వలోంచి వస్తాయి. ఇది మీది ఇది మాది అని విడివిడిగా ఉండవు. బ్రిటిష్ సబ్‌మెరైన్ సముద్రం దాటి వెళ్లి అక్కడ మిసైళ్లు ఎక్కించుకుంటుంది, వాటి మరమ్మతు పనీ అక్కడే. వార్‌హెడ్, అంటే మిసైల్ తలలో ఉండే అణుబాంబు, బ్రిటన్ తనే తయారు చేసుకుంటుంది, పేల్చమని చెప్పే అధికారం బ్రిటన్ ప్రధానిదే, కాదనను. కానీ రేపు అమెరికా తలుపు మూసేస్తే ఆ నాలుగు సబ్‌మెరైన్లు కొన్నాళ్లే పనికొస్తాయి. ఏ దేశమైనా తన చివరి అస్త్రాన్ని ఇంకొకరి ఇంట్లో పెట్టడం ఎంత పెద్ద విషయమో నేవీవాళ్లకి చెప్పక్కర్లేదు. సబ్‌మెరైన్ డాక్‌లోకి వస్తే ముందు ప్రొపెల్లర్ మీద టార్పాలిన్ కప్పుతారు, దాని రెక్కల వంపు చూస్తే అది నీళ్లలో ఎంత చప్పుడు చేస్తుందో తెలిసినవాడు అంచనా వేసేస్తాడని. సొంత గుమాస్తాకే చూపించని వస్తువులు ఇవి.

గూఢచారి సమాచారం సంగతీ అంతే. 1946లో ఈ ఇద్దరూ రహస్యంగా చేసుకున్న ఒప్పందంలోకి తర్వాత కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వచ్చాయి, దాన్నే ఫైవ్ ఐస్ అంటున్నారు. ఆ కాగితాలు అధికారికంగా బయటపెట్టింది 2010లో. అరవై ఏళ్లు దాటి దాచారన్నమాట.

గొడవలు పడలేదా? బాగా పడ్డారు. 1956లో ఈజిప్టు సూయజ్ కాలువ మీదకి బ్రిటన్, ఫ్రాన్స్ వెళితే అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పౌండు మీద ఒత్తిడి పెట్టి బ్రిటన్‌ని వెనక్కి రప్పించాడు. వియత్నాంకి సైన్యం పంపమంటే బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ పంపలేదు. 1983లో కరీబియన్ దీవి గ్రెనడా మీద దాడి చేసేముందు రీగన్ తన ప్రాణస్నేహితురాలు థాచర్‌కి సరిగ్గా చెప్పనే లేదు, అక్కడ దేశాధినేత బ్రిటన్ రాణిగారే అయినా. సూయజ్ అయిన రెండేళ్లకే మీకు పైన చెప్పిన అణు ఒప్పందం జరిగింది చూడండి, నా రెండో పరీక్ష అక్కడ పాసైంది. న్యూజిలాండ్ కథ కూడా ఇలాంటిదే. అణుశక్తి ఓడలు మా రేవుల్లోకి రావద్దు అన్నందుకు 1986లో అమెరికా దానికిచ్చిన రక్షణ హామీని పక్కన పెట్టేసింది. ఫైవ్ ఐస్ నుంచి మాత్రం ఎవరూ ఎవర్నీ పంపెయ్యలేదు.

ఈ లోపలి చుట్టానికీ బయటి చుట్టానికీ తేడా 2021లో ఫ్రాన్స్‌కి బాగా తెలిసొచ్చింది. 12 సబ్‌మెరైన్లు కడతామని ఆస్ట్రేలియాతో 2016 నుంచీ ఒప్పందంలో ఉంటే, అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా ముగ్గురూ ఆకస్ పేరుతో వేరే ఒప్పందం ప్రకటించి ఆర్డరు లాగేసుకున్నారు. ఫ్రాన్స్ మండిపడి వాషింగ్టన్, కాన్‌బెరాల నుంచి రాయబారుల్ని వెనక్కి పిలిపించుకుంది. ఫ్రాన్స్ కూడా నాటోయే సుమండీ. యానాంలో 1954 దాకా కూర్చున్న ఫ్రెంచివాళ్లకి ఇంగ్లీషువాళ్ల మాట మీద అనుమానం ఊరికే రాలేదు. ఇదంతా మన గోదావరి జిల్లాల్లో ముందే జరిగిపోయిందిలెండి: 1758లో గొల్లప్రోలు దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లని ఓడించడానికి విజయనగరం ఆనంద గజపతి ఇంగ్లీషువాళ్లతో చెయ్యి కలిపాడు, గెలిచారు. 36 ఏళ్ల తర్వాత పద్మనాభంలో ఆ ఇంగ్లీషు కంపెనీ సైన్యమే ఆ వంశంలోని విజయరామరాజుని చంపింది.

దక్షిణ కొరియాని నేను జపాన్ కంటే పైన పెట్టినందుకు కొందరు ఒప్పుకోరు. 1953 ఒప్పందం, 28,500 మంది అమెరికన్ సైనికులు, ఇవి అందరూ రాసే లెక్కలే. నన్ను ఆశ్చర్యపరిచేది వేరే: యుద్ధం వస్తే కొరియా సైన్యం ఎవరి ఆజ్ఞ వింటుంది? 1978లో పెట్టిన ఉమ్మడి కమాండ్‌కి అధిపతి నాలుగు నక్షత్రాల అమెరికన్ జనరల్, కొరియన్ జనరల్ ఆయనకి డిప్యూటీ. శాంతికాలంలో అధికారం 1994లో సియోల్ వెనక్కి తీసుకుంది, యుద్ధకాలపు అధికారం గురించి మాత్రం ఏళ్ల తరబడి చర్చలు నడుస్తూనే ఉన్నాయి, ఇప్పటికీ చేతులు మారలేదు. సొంత డబ్బూ, సొంత పరిశ్రమా, అయిదు లక్షల దాకా సైన్యమూ ఉన్న దేశం, యుద్ధంలో దాన్ని పరాయి జనరల్ కింద పెట్టడానికి ఒప్పుకోవడం అంటే మాటలు కాదు. అవతల అమెరికా పెట్టిందీ తక్కువేం కాదు. సరిహద్దు నుంచి సియోల్ 50 కిలోమీటర్లు, అంటే మా రాజోలు నుంచి అమలాపురం దాటి ఇంకాస్త. ఉత్తర కొరియా ఫిరంగి పేలిస్తే మొదటి రోజే అమెరికన్లు కూడా పోతారు, అప్పుడు వాషింగ్టన్‌లో ఎవరున్నా ఆలోచిద్దాం అనడానికి వీలుండదు. అసలు సైనికుల్ని అక్కడ పెట్టిన ఉద్దేశమే అది. కొరియా కూడా ఊరికే తినలేదు, వియత్నాం యుద్ధానికి మొత్తం మీద 3 లక్షలకు పైగా సైనికుల్ని పంపింది.

జపాన్ విషయం క్లుప్తంగా చెప్పేస్తాను. 1960లో తిరగరాసిన ఒప్పందం ప్రకారం జపాన్‌ని అమెరికా కాపాడాలి, అమెరికాని జపాన్ కాపాడాలన్న మాట లేదు. 2015లో చట్టం మార్చుకున్నాకే జపాన్ తన మిత్రుడి కోసం ఆయుధం పట్టడానికి, అదీ షరతులతో, వీలైంది. అయినా యోకోసుకా రేవులో ఒక అమెరికన్ విమానవాహక నౌక కాపురం ఉంటోంది, సొంతగడ్డ బయట వాళ్లు అలా ఉంచింది అక్కడొక్కచోటే. భారం మాత్రం ఒకినావా మీద పడింది. దేశం భూభాగంలో ఒక్క శాతం కూడా లేని ఆ దీవుల్లో అమెరికన్ స్థావరాల విస్తీర్ణంలో 70 శాతం దాకా ఉంది, అక్కడి జనాన్ని అడిగితే ఈ మైత్రి గురించి ఇంకోలా చెబుతారు. 1942 ఏప్రిల్ 6న విశాఖతో పాటు మన కాకినాడ మీద కూడా బాంబులేసింది ఈ జపాన్ విమానాలే, ఇప్పుడు అమెరికాతో కలిసి మన బంగాళాఖాతంలో మనతోనే విన్యాసాలకి వస్తారు.

గల్ఫ్ గురించి చెప్పకపోతే కోనసీమవాడిగా తప్పు. గల్ఫ్ సహకార మండలి 1981లో పెట్టింది, ఒకే భాష, ఒకే మతం, రాజకుటుంబాల మధ్య చుట్టరికాలు, ఉమ్మడి సైనిక దళం, కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి. 2017 జూన్‌లో సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్ కలిసి, ఈజిప్టుని తోడు తెచ్చుకుని, సొంత సభ్యదేశం ఖతార్‌కి నేల దారి, ఆకాశం దారి, సముద్రం దారి అన్నీ మూసేశాయి. మాకు పిన్ని వరసావిడ అప్పుడు దోహాలో ఒక ఇంట్లో వంటపనికి ఉండేవారు. రోజూ వచ్చే సౌదీ పాల డబ్బాలు ఒక్కసారిగా షాపుల్లోంచి మాయమై, వారం తిరగకుండా ఏదో తెలియని అక్షరాలున్న డబ్బాలొచ్చాయని ఫోన్లో చెప్పారు. అవి టర్కీ పాలు. టర్కీ పాలతో పాటు సైనికుల్నీ పంపింది. ఇళ్లవాళ్లు సామాను నిల్వ చేసుకోవడానికి ఎగబడుతుంటే ఆవిడకి టెన్షన్, జీతం ఆగిపోతుందేమోనని. అది ముగిసేసరికి 2021 జనవరి వచ్చింది. పైగా గల్ఫ్‌లోకెల్లా పెద్ద అమెరికన్ వైమానిక స్థావరం ఖతార్‌లోనే ఉంది, నాటోయేతర ముఖ్య మిత్రదేశం అన్న హోదా కూడా 2022లో ఇచ్చారు. అయినా 2025లో జూన్‌లో ఇరాన్ ఆ స్థావరం మీద మిసైళ్లు వేసింది, సెప్టెంబరులో అమెరికాకి ఇంకో మిత్రుడైన ఇజ్రాయెలే దోహా మీద బాంబులు వేసింది. బేస్ ఇచ్చినంత మాత్రాన హామీ దొరికినట్టు కాదన్నమాట.

మీ రూమ్మేట్ల ఇజ్రాయెల్ అక్కడికే వస్తుంది. డబ్బు, ఆయుధాలు చూస్తే దానికి సాటి లేదు: 2016లో ఒప్పుకున్నది పదేళ్లకి 3,800 కోట్ల డాలర్లు. 1973 యుద్ధంలో విమానాల్లో ఆయుధాలు దింపారు, 2025 జూన్‌లో ఇరాన్ అణుకేంద్రాల మీద అమెరికా తనే బాంబులు వేసింది. కానీ ఇద్దరి మధ్య పరస్పర రక్షణ ఒప్పందం ఇప్పటికీ లేదు. ఇజ్రాయెల్ కూడా తన యుద్ధాల మీద ఇంకొకరి సంతకం అవసరం రాకుండా చూసుకుంటుంది. అది చాలా గట్టి అండ, నేను కాదనను, నా జాబితాలో మాత్రం నాలుగో స్థానమే.

అవతలి గట్టు సంగతి త్వరగా. చైనాకి పరస్పర రక్షణ ఒప్పందం ఉన్నది ఒక్క ఉత్తర కొరియాతోనే, 1961 నుంచి. రష్యా 2024 జూన్‌లో ఉత్తర కొరియాతో అలాంటిదే రాసుకుంది, ఆ ఏడాదే ఉత్తర కొరియా సైనికులు ఉక్రెయిన్ సేనలు చొరబడ్డ రష్యా ప్రాంతం కుర్స్క్‌లో రష్యా తరఫున పోరాడారు. రక్తం పెట్టారు కాబట్టి దీన్ని తేలిగ్గా తీసెయ్యను, కాకపోతే ఇది అవసరం ఉన్నన్నాళ్లు నడిచే బేరం లాగే కనిపిస్తోంది నాకు. అదే రష్యా నాయకత్వంలోని కూటమిలో ఉన్న ఆర్మేనియా, 2022 సెప్టెంబరులో అజర్‌బైజాన్ తన భూభాగం మీద దాడి చేసిందని సాయం అడిగితే పరిశీలక బృందం వచ్చింది, సైన్యం రాలేదు. 2024లో ఆర్మేనియా ఆ కూటమిలో పాల్గొనడం ఆపేసింది. చైనా–పాకిస్తాన్ ఉక్కు స్నేహం అంటారు, 2020–24 మధ్య పాకిస్తాన్ కొన్న విదేశీ ఆయుధాల్లో 81 శాతం చైనావే. కానీ యుద్ధంలో చైనా వస్తుందని రాతపూర్వకంగా ఎక్కడా లేదు. ఒకప్పుడు పశ్చిమ దేశాల సైనిక కూటములు సీటో, సెంటో రెండింట్లోనూ చేరిన పాకిస్తాన్‌కి 1965లో అమెరికా ఆయుధాలు ఆపేసింది, 1971లో ఆ కూటములు రెండూ రాలేదు. 2025 సెప్టెంబరులో సౌదీతో రాసుకున్న రక్షణ ఒప్పందం ఎంతవరకు నిలబడుతుందో నాకైతే పెద్ద నమ్మకం లేదు.

ఇక మీ నాన్నగారి మాట. అందులో సగం నిజం ఉంది, ఆ సగం మా విశాఖలో కళ్లారా చూడొచ్చు. 1971 ఆగస్టు 9న సోవియట్‌తో మన ఒప్పందం అయింది, దాని తొమ్మిదో అధికరణం చదవండి, దాడి జరిగితే సంప్రదింపులు జరుపుతాం అని ఉంటుంది, యుద్ధానికి వస్తాం అని ఉండదు. అయినా డిసెంబరులో బంగ్లాదేశ్ యుద్ధం జరుగుతుంటే అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతంలోకి వస్తే దాని వెనక సోవియట్ ఓడలు వచ్చాయి, భద్రతామండలిలో వీటోలు పడ్డాయి. 1988లో ఒక అణు సబ్‌మెరైన్‌ని మనకి మూడేళ్లు అద్దెకిచ్చారు, ఐఎన్ఎస్ చక్ర. అలా అద్దెకిచ్చిన దేశం ప్రపంచంలో అంతకుముందు లేదు. 2012లో ఇంకోటి ఇచ్చారు, అది 2021లో తిరిగి వెళ్లిపోయింది. నేను పైన పెట్టిన మొదటి పరీక్షలో సోవియట్ యూనియన్‌కి మంచి మార్కులే పడతాయి. కానీ మనం కొనే ఆయుధాల్లో రష్యా వాటా 2010–14లో 72 శాతం ఉండేది 2020–24కి 36కి దిగింది. మనకి ఎవరితోనూ కట్టుబడి ఉండటం ఇష్టం లేదు, కాబట్టి ఎవరూ మనకి కట్టుబడి లేరు. ఇది తిట్టు కాదు, మనం తెలిసి ఎంచుకున్న దారే.

అమెరికాతోనూ అంతే. 2019 నుంచి టైగర్ ట్రయంఫ్ పేరుతో కాకినాడ తీరంలో అమెరికన్ మెరైన్లు మన జవాన్లతో కలిసి తుఫాను సహాయ విన్యాసాలు చేస్తున్నారు, 2024లో, 2025లో కూడా వచ్చారు. అందులో మన తరఫున పాల్గొన్న ఐఎన్ఎస్ జలాశ్వ కూడా అమెరికా నేవీ వాడేసి 2007లో మనకి అమ్మిన ఓడే, అసలు పేరు ట్రెంటన్. అది వాళ్ల నేవీలో చేరింది 1971లో, ఎంటర్‌ప్రైజ్ మన మీదకొచ్చిన ఏడాదే. ఇంత కలివిడిగా ఉన్నాక 2025 ఆగస్టులో మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచారు. రొయ్యల చెరువులున్నవాళ్లకి ఆ ఆగస్టు ఎలా గడిచిందో మీ భీమవరంలో నేను చెప్పక్కర్లేదు. అయితే ఇది మనం మిత్రదేశం కాకపోవడం వల్ల వచ్చిందని కొందరు అంటున్నారు, అది తప్పు. ఒప్పందం ఉన్న జపాన్, కొరియాలకీ 15 శాతం వేశారు. రక్షణ హామీ వేరు, వ్యాపారం వేరు, పరీక్షలో రెండూ కలిపి రాయకండి.

ఎవరూ అడగని జవాబు ఒకటుంది. నా కొలతతో కొలిస్తే మన దేశానికి అన్నిటికంటే గట్టి మైత్రి భూటాన్‌తో. 1962 నుంచి హా లోయలో మన సైనిక శిక్షణ బృందం ఉంటోంది. విదేశీ వ్యవహారాల్లో మన సలహా ప్రకారం నడవాలన్న 1949 నాటి షరతుని 2007లో మనమే తీసేసి, ఒకరి భద్రతకి హాని చేసే పనికి రెండోవారి నేల వాడనివ్వం అని సమానంగా రాసుకున్నాం. 2017లో డోక్లాంలో, భూటాన్ తనదంటున్న నేల మీద చైనా రోడ్డు వేస్తుంటే మన సైన్యం వెళ్లి అడ్డం నిలబడింది. ఈశాన్య రాష్ట్రాలకి మనకున్న సన్నటి సిలిగురి దారి మన ప్రాణం కాబట్టే వెళ్లాం అంటారు, నిజమే, స్వార్థం లేకుండా ఏ దేశమూ సైన్యాన్ని కదపదు. గ్రూప్–1 ఇంటర్వ్యూలో దీని గురించి చెప్పాల్సి వస్తే తేదీలు సరిగ్గా చెప్పండి, చాలామంది కలిపేస్తారు: చైనా రోడ్డు పని మొదలైంది జూన్ 16, మనవాళ్లు వెళ్లింది 18, ఇద్దరూ వెనక్కి తగ్గింది ఆగస్టు 28.